అమ్మ టోపీ పెట్టుకుని బడికొచ్చిన పిల్ల

మా ఊళ్లో మిస్ వెరోనా గురించి రెండే అభిప్రాయాలు. కష్టజీవి అని సంతలో వాళ్లంటారు, బాధ్యత లేని తల్లి అని బడిలో వాళ్లంటారు. నేను బడిలో వంటమనిషిని, వెరోనాకి పక్కింటిదాన్ని. కాబట్టి రెండూ వినాల్సిన ఖర్మ నాది.

ఈ జమైకా కొండల్లో శుక్రవారం అంటే సంత. వెరోనా గురువారం సాయంత్రమే ఉల్లికాడల కట్టలతో లారీ ఎక్కి కింది టౌనుకి పోతుంది. చోటు పట్టుకుని బస్తాల మీదే పడుకుంటుంది. తండ్రి అనేవాడు ఎక్కడున్నాడో మాకు తెలియదు, ఆయనకి తెలిస్తే చాలు. చంటిది బబ్సీని శుక్రవారం పెద్దకూతురు కదీషా చూసుకోవాలి. అందుకని కదీషా ఆ రోజు బడి ఎగ్గొడుతుంది.

హెడ్మాస్టర్ పినాక్ సారు మాత్రం పరీక్ష తరగతి శుక్రవారమే పెట్టారు. పెద్ద బడిలో మంచి చోటు దొరకాలంటే ఆ తరగతి తప్పదు. కదీషా చురుకైన పిల్ల, ఆ చదువు కోసం ప్రాణం పెడుతుంది. ఆఖరికి సారు కబురు పెట్టారు: పిల్లల హాజరు గురించి తల్లిదండ్రుల సమావేశం, ఏ ఇంటి నుంచి ఎవరూ రాకపోతే ఆ ఇంటి పిల్లకి పరీక్ష తరగతిలో చోటు లేదు.

సమావేశం ఎప్పుడనుకున్నారు? శుక్రవారం ఉదయం.

"సంత మానేస్తే వారమంతా తినేదేంటి, గ్లో?" అంది వెరోనా నాతో. కాసేపు ఆలోచించి, చర్చికి పెట్టుకెళ్లే నీలం టోపీ తీసి కూతురి నెత్తిన పెట్టింది. అది కళ్ల మీదికి జారింది. "ఇంటి నుంచి ఎవరో ఒకరు రావాలన్నారుగా. నువ్వే పో. బుద్ధిగా కూర్చుని తల ఊపు."

శుక్రవారం హాల్లో ముగ్గురే తల్లులు. వాళ్ల పిల్లలు ఒక్కరోజూ బడి మానరు. రానివాళ్ల మీది కోపమంతా సారు ఆ ముగ్గురి మీదే చూపించారు. పాపం, వాళ్లు తలలు దించుకుని తిట్లు తిన్నారు. అప్పుడు తలుపు తెరుచుకుంది. చంకన బిడ్డ, నెత్తిన టోపీ.

"రండమ్మా, కూర్చోండి" అన్నారు సారు. తర్వాత కళ్లద్దాలు సర్దుకున్నారు. "కదీషా! ఏంటీ వేషం?"

"అమ్మ తరఫున వచ్చాను సార్."

ఆమె వెనకే ఇంకో డజను మంది. అందరూ శుక్రవారం బడి ఎగ్గొట్టే ఘనులే, అందరూ ఇవాళ తల్లుల తరఫున హాజరు. నాకు నవ్వాగక వంటింట్లోకి పారిపోయాను.

"ఇది పెద్దవాళ్ల మీటింగు. ఇవాళ తరగతులు లేవు. మీరంతా ఇళ్లకి పొండి!" అని సారు గద్దించారు. బడికి రాని పిల్లలు వస్తే బడే తరిమేసింది. కదీషా టోపీ తీసి గుండెకి అదుముకుని, "మరి నా చోటో సార్?" అంది. సారు తలుపు వైపు చెయ్యి చూపించారు. పిల్ల ఏడుస్తూ చంటిదాన్నెత్తుకుని సంతకి దిగిపోయింది.

మధ్యాహ్నానికి నేనూ సంతకి దిగాను, సారూ అక్కడికే వచ్చారు. శుక్రవారం కూరలు ఎవరికైనా కావాలి కదా. వెరోనా దగ్గర ఉల్లికాడలు ఏరుతూ తలెత్తితే ఎదురుగా కదీషా, కళ్లు వాచిపోయి.

"చూశావా వెరోనా, పిల్ల బడి మాని ఇక్కడుంది!"

"బడే మాన్పించింది సార్. మీరు చేత్తో ఎత్తిన ఆ కట్ట కట్టింది కూడా ఇదే." వెరోనా లేచి నిలబడింది. "అదిగో బిల్లీ తల్లి, అదిగో సోనియా తల్లి. మీకు కావాల్సిన తల్లులంతా ఇక్కడే ఉన్నాం. పెట్టండి మీటింగు. నా పిల్ల చోటు ఉందా పోయిందా, ఇక్కడే చెప్పండి."

ఆడవాళ్లు బేరాలాపి చుట్టూ చేరారు. సారు ఉపన్యాసం పొద్దున్నే ఆ ముగ్గురి మీద అయిపోయింది. చెమట తుడుచుకుని, "సరే, పరీక్ష తరగతి మంగళవారానికి మారుస్తాను. చోటు ఉంది" అని కట్ట పట్టుకుని జారుకున్నారు.

సోమవారం ప్రార్థనలో ఆయన గర్వంగా ప్రకటించారు: సమావేశం ఫలించిందట, ఇక శుక్రవారం పరీక్ష తరగతి ఎగ్గొట్టేవాళ్లే ఉండరట.

కదీషా మంగళవారాలు ముందు బెంచీలో కూర్చుని చదివింది. శుక్రవారాలు మాత్రం చంటిదాన్ని ఎత్తుకునే ఉంది. వచ్చే టర్ములో మళ్లీ తల్లిదండ్రుల సమావేశం ఉందని కబురొచ్చింది. శుక్రవారమే. వెరోనా నీలం టోపీ దులిపి కూతురి తలకి పెట్టి చూసింది.

ఈసారి కళ్ల మీదికి జారలేదు. సరిగ్గా సరిపోయింది. నాకు నవ్వు రాలేదు.