చేపల షెడ్డు కూత

మా షెడ్డులో ఇప్పుడు చేపలు లేవు. గోడకు బిగించిన పెట్టె మాత్రం ఉంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కడ్డీని పీకి పక్కన పెట్టాం కాబట్టి దానికిప్పుడు తెలిసేదల్లా కరెంటు ఉందా లేదా అన్నదే. ఉన్నంతసేపూ ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఎండిపోయిన తొట్లకు అదొక్కటే కాపలా.

ఒకప్పుడు పొగాకు గ్రేడింగు చేసిన రేకుల షెడ్డు అది. మార్టూరు దాటి లోపలికొస్తే, గ్రానైటు పాలిషింగు యూనిట్ల తెల్లటి బురద ఆగిపోయి నల్లరేగడి మొదలయ్యే చోట ఉంటుంది. చుట్టూ మిరప చేలు. మేమూ మిరపే వేసేవాళ్లం. పూతలో నల్ల తామరపురుగు పడి వరసగా రెండేళ్లు పోయాక నా భార్య ఇక చాలన్నది. చాలనడానికి నాకన్నా ఆమెకే ఎక్కువ హక్కుంది. పురుగుమందు డబ్బాలు మోసుకొచ్చింది నేనే గాని, వంగి కాయ కోసింది ఆమె. కోతల రోజుల్లో రాత్రిళ్లు చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. అన్నం చెంచాతో తినేది.

“చేపలైతే చేతులు మండించవుగా” అన్నది. ఆమె చేపల వైపు రావడానికి ఉన్న కారణం అదే. ఈ పంట చేతికొస్తే ఇక జన్మలో మిరప చేలో అడుగుపెట్టనని కూడా అన్నది.

ఇనప జాలీ చుట్టి లోపల టార్పాలిన్ పరిచిన గుండ్రటి తొట్లలో తిలాపియా చేపపిల్లలు వదిలాం. చెరువంత చోటులో తిరగాల్సిన చేపలు తొట్టిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ ఈదుతాయి. ఒక పూట మేత లేకపోయినా వాటికేమీ కాదు. గాలి లేకపోతే గంట కూడా ఆగలేవు. షెడ్డు బయట ఉన్న బ్లోయరు రాత్రీ పగలూ పైపుల్లోకి గాలి ఊదుతుండాలి, తొట్టి అడుగున బుడగలు లేస్తుండాలి. ఆ బుడగల మీదే అన్నీ ఆధారపడి ఉన్నాయి కనుక పెట్టె బిగించుకున్నాం.

బిగించడానికి గుంటూరు నుంచి వచ్చినతను మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు.

“కరెంటు పోతే సాగదీసి ఒకటే కూతండి. ఆక్సిజన్ పడిపోతే ఆగి ఆగి కూస్తుంది. ఆ తేడా మర్చిపోవద్దు. మీ ఇద్దరి ఫోన్లకీ కాల్ కూడా వస్తుంది.”

“అంటే చేపలే ఫోను చేస్తాయన్నమాట” అన్నాను. అతను నవ్వాడు. నా భార్య నవ్వలేదు. ఆగి ఆగి కూసేదాన్ని ఇంకోసారి వినిపించమని అడిగింది. నేను ఆ నంబరును ఫోనులో ‘చేపలు’ అని రాసుకుని, ఆ సరదాను పదిమందికి చూపించుకున్నాను.

పని మాత్రం ఆమే చేసింది. కడ్డీకి జిగురు పడితే తప్పు చెబుతుందని రోజూ పాత పంచె ముక్కతో, దీపపు కుందె తుడిచినంత శ్రద్ధగా తుడిచేది. నాకు మిగిలింది ఒకటే పని. మాది చేల లైను. రోజూ సాయంత్రమయ్యేసరికి త్రీఫేజు తీసేస్తారు. అప్పుడు కూత మొదలవుతుంది, జనరేటరు దానంతటదే అందుకుంటుంది. నేను లేచి వెళ్లి మీట నొక్కి కూత ఆపాలి. ఫోనొస్తే కట్ చేయాలి.

పక్క చేలో మిరప కోతకు కనిగిరి వైపు నుంచి ఒక కూలీల ముఠా దిగింది. ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల మేస్త్రి కూడా ఆడమనిషే, నోరున్న మనిషి. రెండు మూడు రోజుల్లోనే వాళ్లు మా కూతను పట్టుకున్నారు. కూత వినగానే సంచులు మూతి కట్టి గట్టెక్కేవాళ్లు.

“నీ కూత పుణ్యమా అని పొద్దుండగానే గుడిసెలకి పోతన్నాం బాబాయ్” అన్నది మేస్త్రి ఒకనాడు. “మా ఆసామి గడియారం పొద్దున పూట బాగానే తిరుగుద్ది. సాయంత్రం అయ్యేసరికి చెడిపోద్ది!”

ఇంకో రోజు ఎందుకో కరెంటు తియ్యలేదు. పొద్దు వాలిపోతోంది. గట్టు మీద నుంచి ఆమె కేకేసింది.

“ఏం బాబాయ్, ఇయ్యాల కూత మింగేశావా?”

పెట్టెకు టెస్టు బటను ఉంది. నొక్కాను. చేనంతా పరుచుకుని వంగి ఉన్న నడుములు ఒక్కసారిగా పైకి లేచాయి. నేను చేసిన పనికి అంతమంది ఒక్కసారి తలెత్తడం నా బతుకులో అదే మొదటిసారి. ఆ తర్వాత కరెంటు ఉన్న రోజుల్లో నేనే నొక్కేవాణ్ణి. ఒక్కోసారి కరెంటు తీయకముందే నొక్కేవాణ్ణి.

నా భార్య ఒకటి రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి అన్నది.

“అది చేపల కోసం పెట్టిందండీ. కూలోళ్లకి బెల్లు కొట్టడానికి కాదు.”

“పోనీలేవే. ఎండలో చస్తున్నారు పాపం.”

జాలి కొంత ఉన్నమాట నిజం. కాని నేను నొక్కింది వాళ్ల కోసం కాదు. తలెత్తి నా వైపు చూస్తారని నొక్కాను.

చేపలు అమ్మే సైజుకు ఎదిగి పట్టుబడికి వచ్చాయి. వారం చివరికి లారీ మాట్లాడుకున్నాం. ఈలోగా ఒక రోజు ఆమె మేత కోసం చిలకలూరిపేట వెళ్లింది. మధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. పెదకాకాని దగ్గర నుంచి ఒక పత్తి రైతు చేపల పెంపకం చూద్దామని వచ్చాడు. తనూ ఒక షెడ్డు వేద్దామనుకుంటున్నాడట. తొట్లు చూపించి, రోడ్డు మీది టీ కొట్టుకు తీసుకెళ్లాను. అక్కడ బెంచీ మీద కూర్చుని ఆ పెట్టె గొప్పతనం చెబుతున్నాను. మనం చూడక్కర్లేదు, అదే చూసుకుంటుంది, మనం నిద్రపోయినా అది నిద్రపోదు. సరిగ్గా అదే చెబుతుండగా కూత మొదలైంది.

“అదేనాండీ మీ కూత? వెళ్లరా మరి?” అన్నాడు అతను, సగం లేచి.

“కూర్చోండి. రోజూ ఉండేదేలెండి. కూలోళ్ల బెల్లు అది.”

“ఇయ్యాల బడి మజ్జానానికే వదిలాడ్రోయ్!” అన్నాడు టీ కొట్టతను. అందరూ నవ్వారు. అటు చేలో ఆడవాళ్లు సంచులు కట్టేసి గట్టెక్కుతున్నారు. మేస్త్రి మా వైపు చెయ్యూపింది. నేనూ ఊపాను.

కూత ఆగి ఆగి వస్తోంది. అది నాకు వినబడింది. రోడ్డు మీద రాళ్ల లారీ పోతోంది, దాని రొదకు కూత తెగినట్టు వినిపిస్తోందని సర్దిచెప్పుకున్నాను. లారీ నిజంగానే పోయింది. అది పోయాక కూడా కూత తెగుతూనే ఉంది. అప్పుడు లేచి పరిగెత్తితే, అంతదాకా చెప్పిన గొప్పలు విని ఆ కొత్త మనిషి ఏమనుకుంటాడో అనిపించింది. జేబులో ఫోను మోగింది. ‘చేపలు’. అలవాటుగా కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి నా భార్య.

“ఏమండీ, చేపల ఫోనొచ్చింది నాకు. టైము కాదు గదా. చూశారా?”

“చూశాలే.”

“సరే. నేను ఆటోలో ఉన్నా, వచ్చేస్తున్నా.”

చూస్తానని అన్నా సరిపోయేది. చూస్తా అనుంటే, వెంటనే పొమ్మని ఆమె తొందర పెట్టేది, నేను లేచేవాణ్ణి. చూశా అన్నాను కాబట్టి ఆమె నిమ్మళించింది. ఆ పెట్టె, ఆ ఫోను చెయ్యగలిగినదంతా చేశాయి. రెండింటినీ నేను ఒక్క మాటతో ఆపేశాను.

రెండో టీ తాగి, ఆ రైతును బస్సెక్కించి వెళ్లేసరికి కూత ఇంకా కూస్తూనే ఉంది. కరెంటు ఉంది. బ్లోయరూ తిరుగుతోంది. దాని మూతి దగ్గర పైపు మాత్రం వేడికి మెత్తబడి జారి కింద పడి ఉంది. గాలంతా నేల మీది దుమ్ము లేపుతోంది. అరచేత్తో నెట్టి పెట్టాను. చేయాల్సిన పనల్లా అదే. తొట్లో బుడగలు లేచాయి. తెల్లటి పొట్టలు ఆ బుడగలకు అటూ ఇటూ కదిలాయి. అంచుల దగ్గర కొన్ని నోళ్లు నీటి పైన తెరుచుకుని మూసుకుంటున్నాయి. నేను చూస్తుండగానే అవీ ఆగిపోయాయి.

ఆటో దిగి మేత బస్తా గుమ్మంలో పెట్టి నా భార్య లోపలికొచ్చింది. తొట్ల చుట్టూ ఒకసారి తిరిగింది. ఒకదాంట్లో చెయ్యి పెట్టి ఒక చేపను పట్టుకుని మళ్లీ వదిలింది.

“చూశానన్నారుగా?” అన్నది.

నిలదీసి అడగలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. వల తెచ్చుకుని పని మొదలుపెట్టింది.

మరునాడు చేపలు పూడ్చడానికి గుంట తీస్తే ముఠా వాళ్లు బుట్టలు మోయడానికి వచ్చారు. మేస్త్రి నా మొహం చూడలేకపోయింది.

“మాకేం తెలుసు బాబాయ్. నువ్వు గట్టెక్కమన్నావనుకున్నాం” అన్నది.

ఆ నెలలోనే నా భార్య అదే ముఠాలో కోతకు వెళ్లింది. వద్దన్నాను. వద్దని వేరే దారి చూపించలేకపోయాను. చీర మీద నా పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని పక్క చేలోకి దిగింది. మజ్జిగ గిన్నె, చెంచా మళ్లీ బయటికొచ్చాయి. నన్ను ఒక్క మాట అనలేదు. నాతో మాట్లాడటం మానలేదు కూడా. కూరలో ఉప్పు చాలిందా అని అడుగుతుంది. ఏదైనా చూశారా అని మాత్రం అడగదు. తనే వెళ్లి చూసుకుంటుంది.

మేస్త్రి నా దగ్గరికొచ్చింది.

“ఆసామి మళ్లీ పొద్దు గూకేదాకా వంచుతన్నాడు బాబాయ్. చేపలు లేకపోతే లేకపొయ్యె. కూత ఎయ్యి.”

పెట్టెను ఉంచింది అందుకే. ఇప్పుడు త్రీఫేజు చీకటి పడ్డాక గాని తీయడం లేదు కాబట్టి, సాయంత్రం షెడ్డులో కూర్చుని నేనే బటను నొక్కుతాను. నడుములన్నీ పైకి లేస్తాయి. వాటిలో ఒకటి నా భార్యది. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడను.

మొన్న ఎండ విపరీతంగా ఉంది. ముందురోజు రాత్రి ఆమె వేళ్ల సందులు పగిలి ఉండటం చూశాను. ఉండబట్టలేక బాగా ముందే నొక్కాను. తొందరగా ఇంటికొస్తుందనుకున్నాను. రాలేదు. అందరికన్నా ఆలస్యంగా, చీకటి పడే వేళకు వచ్చింది.

“ముందేశారు” అన్నది, తువ్వాలు విప్పుతూ. “మేమంతా గట్టెక్కాం. ఆసామి ఫోనులో టైము చూపించి మళ్లీ చేలోకి దించాడు. పోయిన టైముకి ఇంకాసేపు కోయించాడు.”

“నీ చేతులు చూసి...”

“నా చేతుల సంగతి వదిలెయ్యండి. అది కూసిందంటే టైమైనట్టుండాలి. మీరిట్టా చేస్తే రేపటినించి దాన్ని కూడా ఎవరూ నమ్మరు.”

మజ్జిగ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె చేతులు అందులో ముంచి కళ్లు మూసుకుంది.

మర్నాడు గోడ గడియారం తీసుకెళ్లి షెడ్డులో, ఆ పెట్టె పక్కనే మేకు కొట్టి తగిలించాను. టైము కాకముందు బటను మీద చెయ్యి వెయ్యను. ఎండ ఎంతున్నా వెయ్యను. ముల్లు కదిలేదాకా తొట్ల మధ్య కూర్చుని, చేలో వంగి ఉన్న ఆ చొక్కాను చూస్తూ ఉంటాను.