రేణుక మీదికి నెట్టిన మాట

ఇన్నేండ్ల సంది నా మీద ఒక బరువున్నది. మా ఆయనకు చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మొఖం తెల్వని మీకే చెప్తున్న. జాలిపడతరని కాదు. మీ జాలి నాకొద్దు. వినుండ్రి, చాలు.

మాది మరిపెడ. నాయినది కిరాణా హోల్‌సేల్ దుకాణం. నేను ఎనిమిది వందల మీటర్లు ఉరికేదాన్ని. స్వరూప వచ్చేదాకా నన్ను దాటేటోళ్లు లేరు. ఆమెది కొడకండ్ల దిక్కు పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పొడుగు మనిషి, బొంగురు గొంతు. ఆఖరి మలుపుల నన్ను దాటిపోయేటప్పుడు ఒక్కసారి కూడ నా దిక్కు చూసేది కాదు. ఆ చూడకపోవుడే నాకు కడుపుమంట. ఆమె అంటే నాకు పడేది కాదు. ఇప్పటికీ పడదు.

రాష్ట్ర జట్టు శిబిరానికి ఇద్దరం పోయినం. మా పరుగుకు ఒక్కరినే తీసుకుంటరు. ఆ పిల్ల ఆడపిల్లల పోటీల ఉరకొచ్చునా లేదా అని దవాఖానల పరీక్ష చేయించమని నాయినతోని పట్టుబట్టిన. నాయిన ఆటల సంఘంల తెలిసిన పెద్దమనిషికి ఫోన్ చేసిండు. దీనికి నేను సిగ్గుపడను. ఒకే గీత మీద నిలబడ్డప్పుడు పోటీ సమానమేనా అని అడిగే హక్కు నాకున్నది. అప్పుడూ గదే అనుకున్న, ఇప్పుడూ గదే అంటున్న. కానీ నేనడిగింది న్యాయం కోసమేనా? గదే గొంతు, గదే పొడుగు ఉండి ఆమె నా వెనక ఉరికితే, నేను అడిగేదాన్నా? అడగకపోదును.

పరీక్షలైనయి. పెద్దోళ్లు స్వరూపను లోపలికి పిలిచి, ఆడపిల్లల పోటీల ఉరికే వీల్లేదన్నరు. మోకాలు నొస్తున్నదని చెప్పి ఇంటికి పొమ్మన్నరు. సంగతి బయటికి రానియ్యమని మాటిచ్చిండ్రు, నిలబెట్టుకున్నరు. ఆ మాత్రం మర్యాద వాళ్లకున్నది. నాకు లేకపాయె.

రక్తం పరీక్ష చేసిన ల్యాబ్‌ల మా మేనబావ పనిచేసేటోడు. వానిని నేనే గుచ్చి గుచ్చి అడిగిన. పుట్టుకతోనే ఆమె ఒంట్ల మగోళ్లకుండే హార్మోన్ ఎక్కువున్నదని, ఆమెకు కూడ ఇప్పుడే తెలిసిందని చెప్పిండు. నోరు జారకు, నా నౌకరి పోతదన్నడు.

అక్కడితోని ఆగితే అయిపోయేది. నా చోటు నాకొచ్చింది. ఆమె అడ్డం లేదు. ఇంకేం కావాలె నాకు? కానీ ఒకరోజు మా కోచ్ సార్ అందరి ముంగట నవ్వుకుంట, స్వరూప మోకాలు బాగైతే నువ్వు మళ్ల రెండోదానివే అన్నడు. ఆ నవ్వు నన్ను కాల్చింది. ఆదివారం ఇంటికి పోయి, దుకాణంల పడున్న పాత సిమ్ము ఫోన్ల వేసి, శిబిరం పిల్లలు కొందరికి మెసేజ్ పంపిన. మోకాలి ముచ్చట ఉత్తదే, ఆమె ఆడపిల్లే కాదని దవాఖానల తేలిందని రాసిన. ఆడపిల్లే కాదని దవాఖానల ఎవ్వరూ అనలేదు. ఆ మాట నేను కలిపిన.

పొద్దుగూకక ముందే అది కొడకండ్లకు చేరింది. స్వరూప ఉండి చదువుకునే హాస్టల్ల పిల్లలు ఆమె సామాను గది బయట పెట్టిండ్రు. ఊర్ల పోరగాండ్లు బండ్లాపి, నువ్వు అన్నవా, అక్కవా అని అడిగేటోళ్లట. వాళ్లవ్వ కూలికి పోవుడు మానేసింది. స్వరూప పక్కన నిలబడి కొట్లాడింది ఒక్క రేణుకనే. జఫర్‌గఢ్ పిల్ల, ఇద్దరూ ఒక్క గదిల ఉండేటోళ్లు.

కొన్నాళ్లకు జనగామ బస్టాండ్ల స్వరూప కనబడ్డది. తప్పించుకుందామనుకున్న. తనే దగ్గరికొచ్చింది.

"అక్కా, దవాఖాన సంగతి బయటికెట్ల వచ్చిందో నీకేమన్న ఎరుకేనా?"

"నాకేం ఎరుక. నువ్వెవ్వరికి చెప్పినవు?"

"రేణుకకొక్కదానికే. మా అవ్వకు గూడ మొత్తం చెప్పలే."

"మరింకేంది?"

"రేణుక గట్ల చెయ్యదక్కా."

"చెయ్యకపోతే ఎట్ల వచ్చిందే? నాకెందుకు గాని, ఆమె అందరితోని అంటుంటే నేను విన్న."

నేనేం వినలేదు. స్వరూప సంచి భుజానికేసుకున్నది. బస్సొస్తే ఎక్కిపోయింది. రేణుకతోని మళ్ల మాట్లాడలేదు. రేణుకనే స్వరూప వాళ్లింటికి పోయి ఒట్లు పెట్టుకున్నదట, ఏడ్చిందట. తలుపు తియ్యలేదట. ఆ ముచ్చట విన్నప్పుడన్న నేను నోరు తెరవొద్దా? తెరవలేదు. నేను దొరికిపోనని తెలిసి నిమ్మలమైన. గిదీ నేను.

రాష్ట్ర జట్టుతోని పోయిన పోటీల నేను నడుమ ఎక్కడ్నో వచ్చిన. ఇప్పుడు మహబూబాబాద్‌ల ఆటల టీచర్ని. పోయినేడాది పిల్లలను పోటీలకు భూపాలపల్లికి తీస్కపోతే, మైదానంల టెంట్‌హౌస్ కుర్చీలు దించుకుంట స్వరూప కనబడ్డది. నన్ను గుర్తుపట్టి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ రోజు నువ్వు చెప్పకుంటే రేణుకను ఇంకా నమ్ముకుంటుంటినక్కా అన్నది. నేను ఆ నీళ్లు తాగిన. తాగి, సల్లగుండు అని దీవించిన.

పేర్లు మార్చి రాస్తున్న. చదివితే ఇద్దరికీ తెలుస్తది. క్షమించమని అడగను. క్షమిస్తే నమ్మను కూడ. రేణుక ఎవ్వరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. అబద్ధం కలిపింది నేను. ఇంత రాసినంక ఊపిరి జర తేలికైంది. ఈ తేలిక నాకు దక్కాల్సింది కాదని ఎరుకే. అయినా తీసుకుంటున్న.