ఉదారవాదుల సభలో వందన సమర్పణ

ఏలూరులో ఓ డిగ్రీ కాలేజీలో నేను రాజనీతి శాస్త్రం చెబుతాను. మా డిపార్ట్‌మెంటు హెడ్డు సారుకు జిల్లా అంతటా మంచి ఉపన్యాసకుడని పేరు. ఆ ఉపన్యాసాలన్నీ నేను రాసిచ్చినవే. “మీరు రాసివ్వండమ్మా, మిగతాది నేను చూసుకుంటాను” అంటారు. చూసుకోవడమంటే చూసి చదవడమే.

నాకు మిగిలేది సభ చివర వందన సమర్పణ. మా వైపు సభల్లో అది ఆడ లెక్చరర్ల వాటా. అధ్యక్షుల వారికి, వక్త గారికి, మైకు పెట్టినవాళ్లకు, కుర్చీలు వేసినవాళ్లకు దండం పెట్టి దిగిపోవాలి. ఓసారి నేనే మాట్లాడతానని అడిగితే, సారు స్టాఫ్ రూములో అందరూ వింటుండగా, “మీ గొంతు చిన్నదమ్మా, వందన సమర్పణకైతే హాయిగా ఉంటుంది” అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. మాది మండవల్లి. చేపల చెరువు గట్టున కాపలా కాసే ఇంట్లో పుట్టినదాన్ని, కాచుకుని కూర్చోవడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

తాడేపల్లిగూడెం నుంచి సారుకు ఓ సభకు పిలుపొచ్చింది. వివిధ దేశాల్లో ఉదారవాద పార్టీల, అంటే లిబరల్ పార్టీల, చరిత్ర మీద ప్రసంగం. ఏళ్ల తరబడి ప్రాణం పెట్టి చదువుకున్న విషయం. ఈ ఒక్కసారి నా పేరుతో నన్నే మాట్లాడనివ్వమని అడిగాను. “రాసివ్వండమ్మా” అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండానే.

రాసిచ్చాను. ఉదారవాదులన్న పేరు ఓ రాజకీయ బృందానికి స్పెయిన్‌లో మొదట ఎలా అంటుకుందో రాశాను. దక్షిణ అమెరికాలో వాళ్లు చర్చి పెత్తనం మీద కత్తి దూసిన సంగతీ, జపాన్‌లో, ఆస్ట్రేలియాలో అదే పేరు పెట్టుకుని సంప్రదాయవాదులు గద్దెనెక్కిన సంగతీ రాశాను. బ్రిటన్ దగ్గర మాత్రం ఆడవాళ్ల ఓటు మాట ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు. సారుకో అలవాటుంది. ముందు వరసల్లో ఆడపిల్లలు కనబడితే కాగితం మీద లేని మాట ఒకటి వాళ్లకోసం కలపకుండా ఉండలేరు.

ఆ రోజు హాలు ముందు సగమంతా ఆడపిల్లలే. సారు చదువుతూ చదువుతూ బ్రిటన్ దగ్గర ఆగి, చెయ్యెత్తి, “స్త్రీలకు ఓటు హక్కును పళ్లెంలో పెట్టి అందించిన మహానుభావులమ్మా ఆ ఉదారవాదులు!” అన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

సారుకు శాలువా కప్పారు. నన్ను పిలిచారు. వందన సమర్పణ అయ్యి జనగణమన పాడేదాకా వేదిక మీదివాళ్లు లేవకూడదు, టిఫిన్ పొట్లాలు ఇచ్చేది ఆ తర్వాతే కాబట్టి కిందివాళ్లూ కదలరు. అందరికీ వరసగా దండాలు పెట్టి, సారు వైపు తిరిగాను.

“సారు చదివిన ప్రసంగం నేను రాసిందండీ. వినిపించినందుకు ధన్యవాదాలు. పళ్లెం మాట మాత్రం సారు సొంతం. అదొక్కటే తప్పు.”

ఇక నా గొంతు ఎంత ఉందో నాకే అప్పుడు తెలిసింది. బ్రిటన్‌లో స్వేచ్ఛ స్వేచ్ఛ అని ఊదరగొట్టిన ఆ ఉదారవాద పార్టీ గద్దె మీదుండగానే ఓటడిగిన ఆడవాళ్లను జైల్లో పెట్టారని, అన్నం మానేస్తే ముక్కులో గొట్టాలు దూర్చి బలవంతంగా పాలు పోశారని చెప్పాను. ఫ్రాన్స్‌లో, బెల్జియంలో ఇలాంటి పెద్దలే, ఆడవాళ్లు చర్చి ఫాదరు చెప్పినట్టు ఓటేస్తారని సాకు చెప్పి దశాబ్దాలు వాయిదా వేశారని చెప్పాను. “ఉదారవాదమంటే తన మైకు ఇంకొకరికివ్వడం. అది చేతకానివాడు ఏ పేరు పెట్టుకుంటేనేం?” అన్నాను. ఎండాకాలం మధ్యాహ్నం, శాలువా కప్పుకుని సారు చెమటలు కక్కుతున్నారు. తీద్దామంటే ఇచ్చినవాళ్లు పక్కనే కూర్చున్నారు. నాకు జాలి కలగలేదు. ఇంకాసేపు మాట్లాడాను.

తిరిగి ఏలూరుకు వచ్చింది ఆయన కారులోనే. దెందులూరు దాటుతుండగా సారు అన్నారు.

“కూతురిలా చూసుకున్నాను. నలుగురిలో నా పరువు తీశారు కదమ్మా.”

“అవునండీ,” అన్నాను. “తీద్దామనే వచ్చానండీ.”