చీకట్లో పెంచిన మొలకలు

ఇంద్రేశం వెళ్లే దారిలో సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు మమ్మల్ని దించి పోయాక దుమ్ము నెమ్మదిగా వాలుతుంది. అప్పుడు రోడ్డు పక్కనున్న చిన్న మడిగెలోంచి ఆవిరి బయటికొచ్చి రోడ్డు మీద తేలుతుంది. నేపాల్ కొండల నుంచి వచ్చిన ఓ జంట అక్కడ మోమోలు చేసి అమ్ముతారు. ఆ ఆవిరిలో నిలబడితే ప్లాట్ల హద్దురాళ్లు, ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటు అన్నీ కరిగిపోయి, ఎక్కడున్నానో కాసేపు మరిచిపోతాను.

నేను పదో తరగతి దాటలేదు. చదివిందంతా పటాన్‌చెరు గ్రంథాలయంలోనే. అక్కడి భూగోళం పుస్తకాల్లో ఆ నేపాలీ జంట జిల్లా వెతికి, అందులో పారే నది మన దేశంలోకి ఎక్కడ దిగుతుందో భర్తకు చెప్పేవాణ్ని. అతను మోమోల అంచులు మడుస్తూ నవ్వేవాడు.

"అన్నా, మా ఊరికి నువ్వే పో. నీకు తొవ్వ తెల్సు. నేనే మర్చిపోయిన."

దసరాకు మూస్తే గిరాకీ పక్క బండికి పోతుందన్న భయంతో వాళ్లు ఏళ్లుగా ఇంటికి వెళ్లలేదు. వాళ్ల దసరాకు ఇంటి పెద్దలు పెరుగు, కుంకుమ కలిపిన బియ్యం నుదుట అద్ది, తలలో బార్లీ మొలకలు పెట్టి దీవిస్తారు. అది లేకపోతే ఏడాది మొదలైనట్టే ఉండదని అతని భార్య అనేది. "మాకు మేం పెట్టుకోలేం దాజూ. పెద్ద చెయ్యి కావాలె." దాజు అంటే వాళ్ల భాషలో అన్న.

కిందటి దసరాకు ఆమె పిండి బస్తాల వెనక ఒక తట్టలో బార్లీ చల్లి, పైన గిన్నె బోర్లించింది. వెలుగు తగలకపోతేనే మొలకలు పసుపురంగులో వస్తాయట. ఒకసారి గిన్నె ఎత్తి చూపించింది. చీకటి మూలలో వెన్నెల మొలిచినట్టు అనిపించింది.

మడిగె యజమానురాలు పక్కింట్లోనే ఉండే ముసలామె. ఇప్పుడు ప్లాట్లయిన ఆ నేలంతా ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. పండుగ ముందురోజు నల్లా చూడటానికొచ్చి, గిన్నె తీసి, పాలిపోయిన మొలకల్ని చూసి ఆమె ప్రాణం ఆగలేదు. తట్ట తీసుకెళ్లి మేడమీద ఎండలో పెట్టింది. సాయంత్రం నేను వెళ్లేసరికి మొలకల కొసలు ఆకుపచ్చగా, నేపాలీ ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పైరును చీకట్ల దాసి సంపుతరా బిడ్డా ఎవరన్న? నేన్ బతికిచ్చిన!" అంటోంది ముసలామె.

నేను ఆ ఆచారం గురించి చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఎంత పని జేస్తి! మరి బొట్టు వెట్టెటోళ్లు ఎవరు? గంత దూరం నుంచి ఎవరొస్తరు?"

నేపాలీ ఆమె నేల చూపులు చూసింది. "మిమ్మల్నే అడగాలె అనుకున్న అమ్మా."

ముసలామె వెనక్కి జరిగింది. "నేనా? మా ఆయన పోయినంక ఈ చేత్తోని ఎవ్వలికి బొట్టు వెట్టలే. మనవరాలి పెండ్లిల గూడ ఎనక గోడకు నిలవడ్డ. వద్దు బిడ్డా, మీకు మంచిగ గాదు."

"మా అత్తకు కూడా మామ లేడు. అయినా ఇంట్ల అందరికీ ఆమెనే పెడ్తది. మాకు వయసే పెద్ద."

ముసలామె ఇంటికి వెళ్లిపోయింది.

పండుగనాడు పొద్దున మంచుపొరలో రోడ్డు కలలో చూసినట్టుంది. నేను వెళ్లేసరికి భార్యాభర్తలు బియ్యం కలిపి పెట్టుకుని, ఊరికే కూర్చున్నారు. ఇంతలో తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని ముసలామె వచ్చింది.

"ఏవీ, గా బియ్యం తే. జల్దీ. మల్ల నా మనసు మారుతది."

మొదట భార్య నుదుట అద్దితే గింజలు ముక్కు మీదికి జారాయి. మళ్లీ అద్దింది. ఈసారి బొటనవేలు ఆ నుదుటి మీదే చాలాసేపు ఉంచింది. పెదాలు కదిలాయి గానీ ఏమందో వినపడలేదు. ఆకుపచ్చ కొసల మొలకలు ఆ అమ్మాయి జడలో తురిమింది. భర్త వంతు వచ్చేసరికి గొంతు తేలికపడింది. "గీయినకు నుదురే లేదు, గింజలు యాడ అతికియ్యాలె!"

తర్వాత నా వైపు తిరిగింది.

"ఓ పుస్తకాలాయనా, సూసుకుంట నిలవడ్డవేంది? నువ్వు గూడ వంగు."