ఏనుగు లేని ఫోటో

ఎనభై మూడులో డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ తెలుగువారే. బోట్స్వానాలో తమ్ముడి దగ్గరికెళ్ళి సఫారీ చూసొచ్చారట. ఆల్బమ్ తెరిచి ఒక ఫోటో చూపించారు. మట్టిదారిలో పెద్ద ఏనుగు అడుగులు, పక్కనే బుల్లి అడుగులు. అంతే.

"ఏనుగులేవండీ?" అన్నాను, మెళ్ళో కొత్త కెమెరా సర్దుకుంటూ.

"బాలింతని ఎవరైనా ఫోటో తీస్తారా బాబూ? జీప్ ఆపించి, కెమెరా ఒళ్ళో పెట్టుక్కూర్చున్నా. అవి వెళ్ళాకే క్లిక్ చేశా."

నాకు నవ్వొచ్చింది.

మరుసటి వేసవిలో ఎల్లోస్టోన్ పార్కులో ఒక బైసన్, అదే అక్కడి అడవిదున్న, పసిదూడతో నా కారు ముందు రోడ్డు దాటుతోంది. ఎత్తిన కెమెరా దించి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించారు. కిటికీలోంచి తల బయటపెట్టి, "బాలింతండీ!" అని తెలుగులోనే అరిచాను.