బూటుతో పుట్టిన కాలు

మొన్న రేడియోలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, వికలాంగుల పునరావాసం మీద ఇప్పుడు జరుగుతున్న పరిశోధనల్లో ఒక గొప్ప సంగతి బయటపడిందని చెప్పాడు. కాలు లేనివాడికి కాలు చేసి ఇచ్చేముందు, వాడు ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు, ఎలా కూర్చుంటాడు అని వాణ్ణే అడగడం మంచిదట. అడగాలని కనుక్కోవడానికి పరిశోధన కావలసి వచ్చింది! నేను అప్పుడు మినప్పప్పు రుబ్బుతున్నాను. పొత్రం వదిలేసి, రోలు పక్కనే కూలబడి నవ్వాను. ఆ పెద్దమనిషి గొంతు బాగుంది. కడుపు నిండినవాళ్ళ గొంతులన్నీ బాగానే ఉంటాయి.

నాకు అబద్ధాలు చెబుతానని పేరుంది. వాన వస్తోందని నేనంటే మా వీధిలో జనం బయటికి వచ్చి చెయ్యి చాపి చూసుకుంటారు. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు కూడా చప్పగా ఉన్న రాజులకు నేను కాస్త ఉప్పూ కారం వేస్తాను. అందుకని ముందే చెబుతున్నాను: ఇందులో కుక్క సంగతి తప్ప మిగతాదంతా జరిగిందే. కుక్క సంగతి సగం జరిగింది.

మా అన్న బకింగ్‌హాం కాలువ మీద పడవ నడిపేవాడు. గడలు వేసి పడవ తోసేవాళ్ళు, ఒడ్డున తాడు లాగేవాళ్ళు వేరే ఉంటారు. మా అన్నది చుక్కాని. కృష్ణపట్నం వైపు నుంచి సరుగుడు కట్టెలు ఎత్తుకుని మద్రాసు దాకా పోయేవాళ్ళు. మంచివాడని చెప్పను. నోరు పెద్దది, మీసం ఇంకా పెద్దది. పడవ ఆసామిది అయినా, తాతల నాటి ఆస్తిలాగా దాన్ని తడుముకుంటూ ఉండేవాడు. ఒక ఎండాకాలం చివర లాకు దగ్గర పడవ వచ్చి గోడకేసి ఒరుగుతుంటే మధ్యలో కాలు అడ్డం పెట్టాడు. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. తెలివి వచ్చాక, ఎందుకు పెట్టావన్నా అని అడిగాను.

"కొత్తగా తారు పూసినాం గద మే, గీచుకుపోతాదని" అన్నాడు.

అంతటి బుద్ధిమంతుడు.

ఆసామికి అల్లూరు దగ్గర పొలాలున్నాయి. చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు, ఆసామి. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మా అన్నతో తేల్చి చెప్పేశాడు.

"ఇదో, వానలు వెనకబట్టినాక కట్టెల ఎగుమతి మొదలవతాది. ఆ పొద్దుకి నీ అంతట నువ్వు పడవెక్కి నిలబడితే చుక్కాని నీదే. ఒకరు మోసుకొచ్చి ఎక్కిస్తే మాత్రం ఒప్పుకోను. రేపు దారిలో నిన్ను మోసేది ఎవురు? లేదంటే మా బామ్మర్ది ఉండాడు."

ఆ బామ్మర్ది కాలువ నడిమధ్యలో ఉన్నా ఒడ్డును వెతుక్కుంటూ పోయి గుద్దే రకం. అయినా ఒకసారి చుక్కాని అతని చేతికి పోతే మళ్ళీ మాకు రాదు. బామ్మర్దిని దించే మగవాడు ఇంకా మా జిల్లాలో పుట్టలేదు. తిండి సంగతి కాదు. నా పంతులమ్మ జీతంలో మా ఇద్దరికీ సంకటి ఉడికేది. కానీ చుక్కాని లేని మా అన్న, గోడకు తగిలించిన చొక్కాలాగా ఉండేవాడు. రోజంతా అరుగు మీద కూర్చుని, దారిన పోయే ఎడ్లబండ్లను 'ఎడమకి కొట్టు, ఎడమకి కొట్టు' అని తిట్టేవాడు. మీసం దువ్వడం మానేశాడు. అది చూసి నేను భయపడ్డాను.

అప్పుడు దిగింది సేవా సంఘం. పట్నం నుంచి జీపులో వచ్చారు. ఆ సంఘానికి ఒక అధ్యక్షుడు. తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, ఎదురుగా మనిషి ఉన్నా ఆ మనిషి నెత్తి మీదుగా చూసే చూపు. కూడా వచ్చినతను దర్జీలాగా టేపు తీసి మా అన్న మంచి కాలు కొలిచాడు, చెడ్డ కాలు కొలిచాడు. నన్ను కూడా కొలుస్తాడేమోనని నేను లోపలికి పోయాను. ఏం పని చేస్తావయ్యా అని ఒక్కడూ అడగలేదు. మా అన్న ఊరుకోక, "నేను పడవ మింద..." అని మొదలుపెట్టాడు.

"అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు అధ్యక్షుడు.

చూసుకున్నారు. కొన్ని నెలలకు పట్నంలో షామియానా వేసి, దండలు వేసి, కాలు ఇచ్చారు. ఆ కాలును నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను: గులాబీ రంగు! మా అన్న బాగా మాగిన నేరేడుపండు. ఆ కాలేమో దొరల పిల్లల బుగ్గల రంగులో నిగనిగలాడుతోంది. తొడ దాకా తోలు పట్టీలు, బకిల్సు. కింద మేజోడు. దాని కింద పాదానికి అతికించేసిన నల్ల బూటు. విప్పడానికి రాదు. ఆ కాలు పుట్టడమే బూటుతో పుట్టింది. మంచి కాలికి జతగా ఇంకో బూటు కూడా ఇచ్చి, ఆ రెండూ తొడుక్కుని ప్యాంటు వేసుకుంటే ఎవరూ కనిపెట్టలేరని అధ్యక్షుడు సభలో చెప్పాడు. పంచె ఎగ్గట్టే మనిషికి!

మా అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చెవిలో అన్నాడు: "ఎవురో దొర కాలు పొరపాటున నాకిచ్చినారు మే. రేపు ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పాల?"

మొదటి ఆదివారం గుడికి వేసుకుని వచ్చాడు. మాది ఏసు గుడి అయినా బెంచీలు లేవు, చాపలే. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పోవాలి. గుడి పెద్ద గడపలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"బూటుతో లోపలికి రాకూడదబ్బా."

"ఇది బూటు కాదు, కాలు."

"కాలైతే బూటెందుకుంది?"

"అది నన్నడిగితే? కాలునడుగు."

లోపల కీర్తన అయిపోయింది, ప్రార్థన సగమయింది, గడపలో వాదన మాత్రం తెగలేదు. చివరికి మా అన్న వాకిట్లోనే బకిల్సు విప్పి, ఆ కాలును చెప్పుల వరసలో నిలబెట్టి, కుంటుకుంటూ పోయి చాప మీద కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక చూస్తే కాలు లేదు. కుక్క ఈడ్చుకుపోయింది. కృష్ణపట్నం రోడ్డు దాకా ఈడ్చుకుపోతే, ఎవరో దొర రోడ్డు పక్కన పడుకున్నాడనుకుని బస్సు ఆపారు, కండక్టరు దిగి ఆ బూటుకు నమస్కారం పెట్టి టిక్కెట్టు అడిగాడు. నేను చెప్పిన సగం ఇదే: కుక్క ఉంది, కాలు ఉంది, అది గుడి వెనకే దొరికింది, బస్సు నేను కలిపాను.

ఇంట్లో దానితో గొంతుక్కూర్చోవడానికి లేదు. పీట మీద కూర్చుంటే పట్టీల బిగువుకు మోకాలు వంగక ఆ కాలు బారుగా ముందుకు వచ్చి, ఎదురుగా అన్నం తినేవాళ్ళ కంచంలోకి బూటు చూపించేది. నేను గోడవైపు తిరిగి తినేదాన్ని.

కొన్నాళ్ళకు అధ్యక్షుడు మళ్ళీ వచ్చాడు. పరికరం వాడకుండా దూలానికి తగిలించి ఉండడం చూసి ముఖం చిట్లించాడు. మా అన్న ఆ మనిషితో ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"అయ్యా, ఈ బూటు కోసేసి, అడుగున చదునుగా పాదం మాదిరి చేసిస్తారా? పడవ మీదికి బూటు కూడదు."

"పరికరాన్ని మార్చకూడదు. మనిషే దానికి అలవాటు పడాలి" అన్నాడు అధ్యక్షుడు. "అయినా ఇంకా పడవేమిటి? పేము కుర్చీలు అల్లడం నేర్పిస్తాం. మీలాంటివాళ్ళకు అనువైన పని."

"నాలాంటోళ్ళంటే ఎవురయ్యా? చుక్కాని పట్టేటోళ్ళా?"

అధ్యక్షుడు పక్కనున్నతనితో ఇంగ్లీషులో, పాపం ఇంకా మనసు కుదుటపడలేదు అన్నాడు. పంతులమ్మకు ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నాడు. మా ఊరు మొత్తానికి కుర్చీ బడిలో ఒకటి ఉండేది, దాంట్లో నేను కూర్చునేదాన్ని. మా అన్న అల్లే కుర్చీల్లో ఇంకెవరు కూర్చుంటారో, కొంగలు కూర్చుంటాయేమో, సంఘం వాళ్ళు ఆలోచించలేదు. వాళ్ళకు కాలు లేని మనిషి కనిపించడు, లేని కాలే కనిపిస్తుంది.

వానలు వెనకబట్టాయి. కట్టెలు ఎత్తే రోజు వచ్చింది. కాలువ ఒడ్డున ఆసామి, గడల వాళ్ళు, బామ్మర్ది. బామ్మర్ది అప్పుడే తలకు కొత్త తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. మా అన్న ఆసామి మాట కోసం ఆ గులాబీ కాలు తగిలించుకుని వచ్చాడు. పడవెక్కే బల్ల దగ్గరికి రాగానే ఆసామి అరిచాడు: "బూటుతో నా పడవ ఎక్కబాక!"

అందులో ఆసామి తప్పేమీ లేదు. మా కాలువ మీద ఏ పడవలోకీ చెప్పులతో ఎక్కరు. హిందువుల పడవైనా మాబోటి వాళ్ళ పడవైనా అంతే. అక్కడే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. కలెక్టరు వచ్చినా విప్పాల్సిందే. మా అన్న కాలు విప్పి పడవలోకి విసిరాడు. పాదం లేని వైపు చేతిలో గడ పట్టుకుని బల్ల మీద కాలు పెట్టాడు.

ఒడ్డుకూ పడవకూ మధ్య వేసే ఆ బల్ల జానెడు వెడల్పు ఉంటుంది. తడిసి నున్నగా ఉంటుంది. అడుగు వేస్తే ఊగుతుంది. రెండు కాళ్ళవాళ్ళు ఆ ఊపుకు తగ్గట్టు నడుస్తారు. ఒంటికాలితో గెంతితే బల్ల కూడా గెంతుతుంది. సగం దాకా పోయి మా అన్న నీళ్ళలో పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. బామ్మర్ది కూడా నవ్వకుండా తువ్వాలు సర్దుకున్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. మా అన్న నడుము లోతు నీళ్ళలో లేచి నిలబడి, మీసం నుంచి బురద కారుతుంటే బూతులు మొదలుపెట్టాడు. సంఘాన్ని తిట్టాడు, బల్లను తిట్టాడు, లాకును తిట్టాడు.

"చుక్కాని కాడ నాకు కాలెందుకు రా! దాని కర్ర చంకలో పెట్టుకుంటే అదే నిలబెడతాది! ఈ పాపిష్టి బల్లే గదరా నాకడ్డం!"

ఆ మాట నా చెవిలో పడగానే నాకు ఆసామి తల్లి గుర్తుకు వచ్చింది.

ఆవిడ భారీ మనిషి. ఏటేటా ఎండాకాలంలో కూతురింటికి పడవలోనే పోతుంది. ఆవిడ కోసం మూరెడు వెడల్పున్న టేకు బల్ల చేయించారు. జారకుండా అడ్డంగా చెక్కలు కొట్టి, పట్టుకోవడానికి పక్కన గుంజలకు తాడు కట్టి ఉంటుంది. ఏడాది పొడుగునా అది ఆసామి కొట్టంలో గేదెల పక్కన నిద్రపోతుంది.

"అయ్యా, ఆ పెద్ద బల్ల తెప్పించండి" అన్నాను.

"అది మా అమ్మ బల్ల" అన్నాడు ఆసామి.

"మీ అమ్మ పడవెక్కేటప్పుడు ఎవరన్నా మోస్తారా అయ్యా?"

ఆసామి ముఖం ఎర్రబడింది. "మా అమ్మనెవురు మోస్తారు! తనంతట తానే ఎక్కతాది."

"ఆ బల్ల మీదనే గదా?"

"ఆ బల్ల మీదనే."

"అయితే ఆ బల్ల మీద మా అన్న ఎక్కినా తనంతట తాను ఎక్కినట్టే. కాదంటారా, మీ అమ్మను గడలేసి తోసి, తాడేసి లాగి ఎక్కిస్తారని అల్లూరు నుంచి కావలి దాకా చెప్తా. నా నోటి సంగతి మీకు తెలవంది కాదు."

"నీ దుంప తెగ! తెస్తా ఉండా లేమ్మా పంతులమ్మా" అన్నాడు ఆసామి.

బల్ల వచ్చింది. పేడ కడిగి వేశారు. మా అన్న తాడు పట్టుకుని, చెక్కకు చెక్కకు గెంతుకుంటూ పైకి పోయాడు. చుక్కాని కర్ర చంకలో ఇరికించుకుని ఒడ్డువైపు తిరిగి, అరుగు మీద నుంచి ఎడ్లబండ్లను అరిచినట్టే అరిచాడు. ఈసారి అరుపుకు పడవ కదిలింది. బామ్మర్ది తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

అదీ ఆయనకు కావలసిన పునరావాసం: గేదెల కొట్టంలో ఉన్న ఒక బల్ల. రేడియో పెద్దమనిషి ప్రసంగంలో బల్ల మాట ఎక్కడా రాలేదు. ఇంకా పరిశోధిస్తున్నారేమో.

కాలువ మీద మా అన్న మళ్ళీ చుక్కాని పట్టాడని విని, అధ్యక్షుడు ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. ఇదంతా తన కాలు మహిమే అనుకున్నాడు. పడవలో తెరచాప కొయ్యకు వేలాడుతోంది ఆ కాలు.

"పరికరం బాగా ఉపయోగపడుతోందా?" అని అడిగాడు.

"బో ఉపయోగమయ్యా" అని మా అన్న ఆ కాలు డొల్లలో చెయ్యి పెట్టి చుట్ట తీశాడు, అగ్గిపెట్టె తీశాడు. "లోపలికి చుక్క నీళ్ళు పోవు."

అధ్యక్షుడు నొచ్చుకోలేదు. అలాంటివాళ్ళు నొచ్చుకోరు. కాలు తగిలించుకుని నిలబడితే పక్కన తాను కూడా నిలబడి ఫోటో దిగుతానన్నాడు.

"రాండయ్యా, దానికేం! బూట్లు విప్పి ఎక్కండి."

అధ్యక్షుడు ఒడ్డున రాతి మీద కూర్చుని, పొట్ట మీదుగా వంగి బూటు తాడు వెతుక్కున్నాడు. ముడి పడిపోయింది. మా అన్న కాసేపు చూశాడు. తర్వాత గడల వాళ్ళకు సైగ చేశాడు, వాళ్ళు పెద్ద బల్ల లోపలికి లాగేసుకున్నారు. అధ్యక్షుడు తల ఎత్తేసరికి పడవ మలుపు తిరుగుతోంది. ఒక బూటు ఊడింది, రెండోది ఇంకా ఊడలేదు.