షెడ్డులో ఎనిమిది టేకు చెక్కలు

మొన్న మా కోడలు ఫోనులో ఆర్డరు పెట్టి ఒక స్టీలు ర్యాకు తెప్పించింది. మరలన్నీ తనే బిగించి, కారు షెడ్డులో గోడకు ఆనించి, "ఇల్లంతా అద్దంలా పెట్టుకుంటారు కదత్తయ్యా, ఈ షెడ్డులో మాత్రం అన్నీ నేలమీదేనా? ఇన్నేళ్ళలో ఒక్క అరయినా కొట్టించుకోలేదేంటండి?" అంది. యానాంలో మా వీధి వాళ్ళనెవరినడిగినా చెబుతారు, నాకు సర్దుడు పిచ్చి. పోపుల డబ్బా దగ్గర్నించి చర్చికి కట్టుకెళ్ళే చీరల దాకా మా ఇంట్లో దేని చోటు దానికుంది. అలాంటిదాన్ని వంటింట్లోకి వచ్చి, పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడిపోయాను. ఆ షెడ్డులో ఒకప్పుడు అరలుండేవి. నేనే కొట్టించాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మా ఆయనది ప్రభుత్వోద్యోగం. ఎన్నాళ్ళనించో ముచ్చటపడి ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు. దాన్ని పెరట్లో కొబ్బరిచెట్టు కింద పెట్టిన రెండో వారానికే కాయ పడి పైకప్పు సొట్టపోయింది. ఇక షెడ్డు ఖాళీ చెయ్యక తప్పలేదు. అది పేరుకే షెడ్డు, కారన్నది దాని మొహం ఎన్నడూ చూడలేదు. మా మామగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆయన పారేసిన వస్తువంటూ ఈ భూమ్మీద లేదు. తలుపు ఎప్పుడో పోయి మిగిలిన ఫ్రెంచివాళ్ళ నాటి ఇత్తడి గడియ, ఆస్ట్రేలియా దగ్గర లొత్తపోయిన గ్లోబు, గాలి పట్టని హార్మోనియం, క్రిస్మస్ నక్షత్రాల వెదురు చట్రాలు ఓ పాతిక, వలలు అల్లే పక్కింటాయన "ఒక్క రోజుంచండి మేస్టారూ" అని పడేసి ఏడేళ్ళుగా మరచిపోయిన ఒక పాత వల, అన్నీ అందులోనే. ఇవి కాక, గోదారి వరదొచ్చినప్పుడు మంచం కోళ్ళ కింద పెట్టే ఇటుకలు. ఆ ఇటుకలు మాత్రం మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, వాటినేమీ అనడానికి లేదు.

ఆ వేసవిలో మామగారు మూడు రోజుల సువార్త కూటాలకని కాకినాడ వెళ్ళారు. ఆయన ఉండగా ఆ షెడ్డులో చెయ్యి పెడితే ఒక్కో మేకుకూ ఒక్కో చరిత్ర వినాలి. అంచేత ఆయన బస్సెక్కిన గంటకే నేను కొంగు బిగించాను. ఆయన సామాను పారేసే ధైర్యం నాకు లేదు గనక, గోడకు అరలు కొట్టించి, వరద నీళ్ళందనంత ఎత్తులో సర్దేద్దామని కనకాలపేట నుంచి వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. కలప కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. దూలాల మీద టార్పాలిన్ చుట్టి, కొబ్బరి తాడుతో కట్టిన కట్ట ఒకటి కనబడింది. దింపి విప్పితే ఎనిమిది టేకు చెక్కలు. చెద గాటు ఒక్కటి లేదు, కిరసనాయిలు వాసన మాత్రం గుప్పుమంది. మేస్త్రి టేపు పెట్టి కొలిచి, "అన్నీ ఒకటే కొలతండి అమ్మగారూ, ఆరున్నర అడుగులు. ఎవరో పద్ధతిగా కోయించేరండి" అన్నాడు.

"మరింకేం, సగానికి సగం కోసెయ్. పదహారు అరలొస్తాయి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, "అటక తలుపులకని దాచారేమో నాన్నగారు, పోనీలే, పనికొచ్చాయి" అన్నారు. మర్నాటికి గోడ నిండా అరలు, అరల నిండా డబ్బాలు, డబ్బాల మీద నా చేత్తో రాసి అంటించిన చీటీలు. మేకులు, మరలు, బల్బులు, వైర్లు, ఇతరములు. నక్షత్రాల చట్రాలు కూడా పెద్దవీ చిన్నవీ వరసగా, డ్రిల్లు పిల్లల్లా నిలబడ్డాయి. కారు దర్జాగా లోపలికొచ్చింది. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

మూడో రోజు సాయంత్రం మామగారు చేతిసంచీతో ఆటో దిగారు. కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా షెడ్డులోకి తీసుకెళ్ళి లైటు వేశాను. మెచ్చుకుంటారని ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఆయన డబ్బాలు చూడలేదు, చీటీలు చదవలేదు. దగ్గరగా ఉన్న అరను, కొత్తగా రంపం పెట్టిన చోట, బొటనవేలితో రుద్దారు. తరవాత పైన దూలాల వైపు చూశారు.

"అన్నీ కోసేశారా అమ్మా?"

"అన్నీనండీ. ఎనిమిదీ."

"ఒక్కటీ మిగల్లేదా?"

నవ్వుతూనే లేదన్నాను. ఆయన పక్కనున్న ఇటుకల దొంతి మీద కూలబడ్డారు. ఆ తరవాత, నన్ను ఓదారుస్తున్నట్టుగా, "ఏం లేదమ్మా, అవి నన్ను సమాధి చేసే పెట్టెకని ఉంచుకున్నాను" అన్నారు. ఆరున్నర అడుగులు. మామగారు పొడుగుమనిషి. గోడ పట్టుకుందామని చెయ్యి చాపి, చేతికందింది ఆ అరే అని తెలిసి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాను.

మావాళ్ళలో పెద్దవాళ్ళు కొందరు తమ సమాధి చోటు, తమ పెట్టె ముందే చూసుకుంటారు. కానీ పిల్లాపాపలు తిరిగే ఇంట్లో దాని పేరెత్తరు. మా మామగారూ ఎత్తలేదు. నేను కాపరానికి రాకముందే మా అత్తగారు పోయారు. ఆవిడ మంచాన పడ్డ ఏడాది ఆయన ఒక టేకు మాను కొని, మిల్లులో రెండు వాటాలుగా కోయించారట. ఒక వాటాతో ఆవిడ పెట్టె చేయించారు. రెండో వాటా ఈ కట్ట. "ఇద్దరికీ ఒకే మాను అని మీ అత్తయ్యకి మాటిచ్చానమ్మా. చివర్లో ఆవిడ అడిగింది ఆ ఒక్కటే" అన్నారు. ఆ సంగతి తెలిసిన మరో మనిషి పాత వడ్రంగి, అతనూ ఎప్పుడో పోయాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. కన్నకొడుక్కి కూడా అది అప్పుడే తెలిసింది. మామగారు నాలుగు కేకలేసి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది, కానీ ఆయన లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన, ఇంతకంటే మంచి టేకు తెస్తానన్నారు. "కొత్తదే కావాలంటే నేను కొనుక్కోలేనట్రా?" అన్నారు మామగారు. మేస్త్రిని పిలిపించి విషయం చెబితే అతను నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "బాబోయ్, ఎంత పని చేయించేసేరండి అమ్మగారూ! నా చేతుల్తో నేనే కోసేనండీ!" తేరుకున్నాక ముక్కలన్నీ తట్టి తట్టి చూసి, "అతకొచ్చండి మేస్టారూ. ముక్కకి ముక్క కూర్చి, ఎనకాల పట్టీ కొట్టి బిగించేత్తే గట్టిగానే ఉంటాదండి. కాపోతే నడుం దగ్గర అతుకు కనపడతాదండి" అన్నాడు.

మామగారు ఊర్నించి వచ్చాక మొదటిసారి నవ్వారు. "కనపడితే కనపడనీవయ్యా. రిటైరైనకాణ్ణించీ నా నడుం అతుకుల మీదే ఉంది." ఇప్పుడే ఊడదీసేద్దామని నేను ఏడుపు గొంతుతో అంటే ఒప్పుకోలేదు. "పని పడ్డ రోజు తీద్దురుగాని. అందాకా నీ డబ్బాలుండనీ." ఆ షెడ్డులోకి పోయి ఒక్క మేకు తెచ్చుకోవడానికి నాకు ఎన్ని నెలలు పట్టిందో. ఆయన మాత్రం హాయిగా వెళ్ళి వస్తూ, "అమ్మాయ్, ఇతరములు అన్న డబ్బాలో ఏమున్నాయో నీకైనా తెలుసా?" అని వెక్కిరించేవారు.

రెండేళ్ళ తరవాత వానాకాలంలో, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. సాయంత్రం నాలుగింటికి సమాధి అని పాస్టరుగారు చెప్పారు. మేస్త్రికి కబురెళ్ళింది. నాకు దుఃఖం కంటే ముందు భయం వచ్చింది. పదహారు ముక్కలు. ఏ ముక్క దేనికి జతో వెతికి, కూర్చి, బిగించేసరికి వేళ దాటిపోతుందేమో, అందరూ కలిసి ఏదో ఒక పెట్టె కొనుక్కొచ్చేస్తారేమో, అత్తగారికి ఆయనిచ్చిన మాట నా మూలంగా పోతుందేమో. డబ్బాలన్నీ గబగబా నేలమీదికి దింపేశాను. మేస్త్రి మొదటి అర ఊడదీసి తిరగేశాడు. తిరగేసి, అలాగే ఆగిపోయాడు. "అమ్మగారూ, ఓసారిలా రండి" అన్నాడు.

చెక్క అడుగు వైపు పెన్సిలుతో 'ఒకటి' అని రాసి ఉంది. ఆ గుండ్రటి దస్తూరీ ఊళ్ళో సగం మందికి తెలుసు. రెండో అర తీశాడు, మూడోది తీశాడు. చెక్కలోని చారలు కలిసేలా చూసి, ఏ ముక్కకు ఏది జతో పోల్చుకుని, ఒకటికి ఒకటి, రెండుకు రెండు, ఎనిమిది దాకా అంకెలు వేసి పెట్టారు మామగారు. చివరి జతలో ఒక ముక్క మీద 'తల వైపు', ఇంకో ముక్క మీద 'కాళ్ళ వైపు'. గోడకున్న కింది అరల అడుగున అలా రాయాలంటే అంత పొడుగుమనిషి మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పైకెత్తి ఉండాలి. అవి ఎప్పుడు రాశారో మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. మేస్త్రి ఉలి కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికల్లా పెట్టె తయారైంది. ఎక్కడా ఒక్క చార తప్పలేదు. సరిగ్గా నాలుగింటికి ఆయన్ని మోసుకుపోయి అత్తగారి పక్కన ఉంచారు. వేళ దాటిపోతుందని పొద్దున్నంతా హడలిపోయిన నేను, జనం వెళ్ళిపోయాక ఖాళీ గోడ ముందు నిలబడి, ఆ అంకెలే లేకపోయి ఉంటే పని రేపటికి పడేది కదా, ఇంకొక్క రాత్రి ఆయన మా ఇంట్లోనే ఉండేవారు కదా అనుకున్నాను.